పాత ఆఫీసువాళ్ళని ఇంటికే పిలవండి, చిక్కుడుకాయలకి మాత్రం ముందే ఈనెలు తీసి పెట్టకండి

"ఒకప్పుడు ఆఫీసులో కలిసి పనిచేసిన ఇరవై మందిని ఒక ఆదివారం పిలుద్దామనుకుంటున్నాను. ఇంట్లో కుదురుతుందా, హోటల్లో హాలు తీసుకోవడం మేలా, వంట సంగతి ఏం చేయాలి?" అని అడిగారు. రెండూ చేసి చూసినదాన్ని కాబట్టి చెబుతున్నాను. ఇంట్లోనే పెట్టండి. ఇల్లు చిన్నదైనా ఫర్వాలేదు. కుర్చీలు చాలకపోతే మరీ మంచిది. ఎందుకో చెబుతాను గానీ మధ్యలో నా గోడు కూడా కొంచెం వినాలి.

నేను గోదావరి జిల్లాలో ఒక ట్రంక్ ఎక్స్‌ఛేంజిలో 1983లో టెలిఫోన్ ఆపరేటర్‌గా చేరాను. ఊరి పేరు చెప్పను, చెబితే కింద రాసేవన్నీ ఎవరి గురించో మావాళ్ళు ఇట్టే పట్టేస్తారు. ట్రంక్ కాల్ అంటే ఇప్పటి పిల్లలకి తెలియదు. 180కి ఫోన్ చేసి ఫలానా ఊళ్ళో ఫలానా నంబరు కావాలంటే మేం టిక్కెట్ రాసుకునేవాళ్ళం, లైను దొరికినప్పుడు కలిపేవాళ్ళం. ఆర్డినరీ కాల్ అయితే ఎప్పటికి దొరుకుతుందో ఆ దేవుడికే తెలియాలి. అర్జెంట్ అంటే రెట్టింపు చార్జీ, లైట్నింగ్ అంటే ఎనిమిది రెట్లు. మూడు నిమిషాలు కాగానే మధ్యలో దూరి "మూడు నిమిషాలు అయిందండీ, ఎక్స్‌టెండ్ చేయమంటారా" అని అడగాలి. అటు కొడుకు పుట్టాడని చెబుతున్నా, ఇటు తండ్రి పోయాడని ఏడుస్తున్నా సరే, అడగాల్సిందే. ఆ పాపమంతా మాదే.

తర్వాత మాతో పనిలేకుండా నేరుగా నంబరు తిప్పుకునే ఎస్టీడీ వచ్చింది, వీధి వీధికీ బూత్‌లు వెలిశాయి, మా బోర్డులు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. మమ్మల్ని బిల్లుల కౌంటర్ల మీదికి మార్చారు. 2000 అక్టోబరు 1న మా శాఖ బీఎస్ఎన్ఎల్ అయింది. 2020 జనవరి 31న దేశం మొత్తం మీద 78 వేల మందికి పైగా వీఆర్ఎస్ తీసుకుని ఒకే రోజున బయటికి వచ్చేశాం. అందరూ ఒకేసారి వెళ్ళిపోతుంటే ఎవరు ఎవరికి దండ వేస్తారు? నా దండ నేనే ఇంటికి తెచ్చుకుని దేవుడి పటానికి వేశాను. తీరిగ్గా కలుద్దాంలే అనుకునేలోపు మార్చిలో లాక్‌డౌన్ వచ్చిపడింది. అలా రెండేళ్ళు పోయాయి.

ముందు హోటల్ సంగతి. 2022లో కొందరు ఉత్సాహవంతులు కలిసి ఏసీ హాలు తీసుకున్నారు. మనిషికి ఇంత అని వసూలు చేశారు. గుండ్రటి బల్లలు వేశారు. ఎవరూ చెప్పకుండానే ఆఫీసర్లంతా ఒక బల్ల దగ్గర, ఆపరేటర్లం ఒక బల్ల దగ్గర, లైన్‌మన్‌లు గుమ్మం పక్క బల్ల దగ్గర కూర్చున్నాం. రిటైరై రెండేళ్ళయినా కేడరు మాత్రం రిటైరవ్వలేదు! మైకు పెట్టారు. మైకు పెట్టారంటే ఇక అయిపోయినట్టే. ఒకాయన ముప్పావుగంట మాట్లాడారు, అందులో ముప్పై నిమిషాలు తన ట్రాన్స్‌ఫర్ల గురించే. ఆ తర్వాత శాలువాలు. మనలో మనకి ఈ శాలువాలేంటండీ? మా బీరువాలో ఇప్పటికి పదకొండు ఉన్నాయి, గోదావరి జిల్లాలో కప్పుకునే చలి ఏడాదికి పట్టుమని పది రోజులు ఉండదు. భోజనాలు అవుతుండగానే హాలువాళ్ళు వచ్చి, సాయంత్రం వేరే బర్త్‌డే ఫంక్షన్ ఉంది, మూడున్నరకల్లా ఖాళీ చేయాలని చెప్పి వెళ్ళారు. నా పక్కన కూర్చున్నావిడతో నేను పదిహేనేళ్ళు పక్కపక్క బోర్డుల్లో పనిచేశాను. ఆ రోజు మేం మాట్లాడుకున్నదల్లా ఒక్కటే: "పనీర్ ఉడకలేదు కదూ?"

ఇంటికి వచ్చి అప్పుడే అనుకున్నాను, వచ్చే ఏడాది మా ఇంట్లోనే అని.

మాది పాత డాబా ఇల్లు. ముందు వరండా, వెనక పెరడు, పెద్ద హాలు ఒకటి. 2023లో సంక్రాంతి వెళ్ళాక వచ్చిన ఆదివారం పెట్టాను. పండగకి వచ్చిన పిల్లలు వెళ్ళిపోయి ఇళ్ళన్నీ బోసిగా ఉంటాయి, పిలిస్తే ఎవరూ కాదనరు. మీరూ ఆ సమయమే చూసుకోండి.

పిలవడం మాత్రం వాట్సాప్ గ్రూపులో వద్దు. గ్రూపులో పెడితే చేతులు జోడించిన బొమ్మలు నలభై వస్తాయి, మనుషులు నలుగురు వస్తారు. ఒక్కొక్కళ్ళకీ ఫోన్ చేయండి. నా అనుభవంలో "చూస్తాను" అన్నవాళ్ళు రారు. "తప్పకుండా ప్రయత్నిస్తాను" అన్నవాళ్ళు అసలే రారు. "ఎందుకే నీకు ఇప్పుడు ఈ శ్రమంతా" అని కోప్పడినవాళ్ళు అందరికంటే ముందు వస్తారు. ఈ లెక్క ప్రకారం ఇరవై రెండు మంది వస్తారనుకున్నాను, ఇరవై మూడు మంది వచ్చారు.

ముగ్గురి నంబర్లు మాత్రం దొరకలేదు. మా లైన్‌మన్ గారిని అడిగాను. ఆయన మనుషుల్ని పేర్లతో గుర్తుపెట్టుకోరు, డీపీ బాక్సుతో, అంటే ఇళ్ళకి ఫోను తీగలు పంచే పెట్టెతో గుర్తుపెట్టుకుంటారు. "ఆవిడా? రామాలయం ఎదురు స్తంభం మీద డీపీ, మూడో పెయిర్. వానొస్తే లైను గరగరలాడేది" అన్నారు. సైకిలేసుకుని వెళ్ళి ఆ స్తంభం ఎక్కడుందో చూసి, దాని ఎదురింట్లో అడిగి, అద్దెకి ఎక్కడికి మారారో కనుక్కుని, రెండు రోజుల్లో ముగ్గురి అడ్రసులూ తెచ్చి ఇచ్చారు. హోటల్లో ఆ మనిషిని గుమ్మం పక్కన కూర్చోబెట్టాం మరి.

భార్యల్నీ భర్తల్నీ తీసుకురమ్మనాలా అన్న సందేహం మీకు రావచ్చు. మొదటిసారి వద్దు. పాపం వాళ్ళకి మన జోకులు అర్థం కావు, మూలన కూర్చుని ఫోన్ చూసుకుంటూ పది నిమిషాలకోసారి "వెళ్దామా" అన్నట్టు చూస్తుంటారు. మా ఆయన్ని నేను ముందు రోజే కాకినాడలో వాళ్ళ అన్నయ్యగారింటికి పంపేశాను. ఆయనకీ సంతోషమే, నాకూ సంతోషమే.

వంట దగ్గర ఒక పొరపాటు చేశాను, మీరు చేయకండి. "తలా ఒకటి వండుకు రండి" అన్నాను గానీ ఎవరు ఏది తేవాలో చెప్పలేదు. నాలుగు గిన్నెల పులిహోర వచ్చింది. చింతపండుది, నిమ్మకాయది, దబ్బకాయది, ఉసిరికాయది. అందరికీ తలకాయ ఊపాను గానీ లోపల ఒకటే టెన్షన్, కూరలు ఎవరూ తేలేదే అని. అదృష్టం కొద్దీ ముందు రోజు సాయంత్రం రైతుబజారులో చిక్కుడుకాయలు బాగున్నాయని రెండు కిలోలు తెచ్చి, ఈనెలు తీయడానికి ఓపిక లేక అలాగే వదిలేశాను. గుమ్మడికాయ దప్పళం, ముద్దపప్పు మాత్రం నేనే పొద్దున్నే చేసిపెట్టాను. కాజాలు తాపేశ్వరం నుంచి, పూతరేకులు ఆత్రేయపురం నుంచి దారిలో ఉన్నవాళ్ళే పట్టుకొచ్చారు. అవి ఇంట్లో చేద్దామని అనుకోకండి, అక్కడ చేతులు తిరిగినవాళ్ళు ఉన్నారు.

ఇంకొకటి, అరవై దాటినవాళ్ళని పిలిచేటప్పుడు ముందు చూసుకోవాల్సింది భోజనం కాదు, బాత్రూమ్. మా ఇంట్లో వెస్టర్న్ టాయిలెట్ ఒక్కటే. తలుపు గడియ సరిగ్గా పడేది కాదు, వారం ముందే మనిషిని పిలిచి బాగుచేయించాను. లోపల తడి లేకుండా ఒక పాత టవల్ పరిచాను. ఆ రోజు నన్ను అందరికంటే ఎక్కువ మెచ్చుకున్నది దీనికే. దప్పళానికి కూడా అంత పేరు రాలేదు.

ఇక కూర్చోవడం. ఇరవై మందికి ప్లాస్టిక్ కుర్చీలు అద్దెకి తెస్తానని మా పక్కింటబ్బాయి అన్నాడు, వద్దన్నాను. కుర్చీల్లో మనుషులు వరసగా కూర్చుంటారు. వరసగా కూర్చున్నారంటే ఎవరో ఒకరు లేచి ఉపన్యాసం చెబుతారు. హాల్లో జంబుఖానా, రెండు చాపలు పరిచాను. మోకాళ్ళ నొప్పులవాళ్ళకి ఇంట్లో ఉన్న ఆరు కుర్చీలూ గోడ వారగా వేశాను. మాజీ ఆఫీసరు ఒకాయన వచ్చి కుర్చీ కోసం చూశారు. అప్పటికే ఒక మెకానిక్, నలుగురు ఆపరేటర్లు, కేబుళ్ళు అతికే జాయింటర్, మోకాలు ఆపరేషన్ అయిన ఒకాయన వాటిలో ఉన్నారు. ఆయన చూసి చూసి చాప మీద మఠం వేసుక్కూర్చున్నారు. పది నిమిషాల్లో మా జోకులకి నవ్వడం మొదలెట్టారు. ముప్పై ఏళ్ళలో ఆయన పళ్ళు చూడటం అదే మొదటిసారి.

అందరి తర్వాత మా సూపర్‌వైజర్ గారు వచ్చారు. ఆవిడ 2004లోనే రిటైరయ్యారు, అప్పటికి ఎనభైకి దగ్గర పడ్డారు. ఆవిడ అంటే మాకు ఎంత భయమో మాటల్లో చెప్పలేను. ట్రంక్ బోర్డు దగ్గర మేం గోడవైపు తిరిగి వరసగా కూర్చునేవాళ్ళం, సూపర్‌వైజర్ బల్ల మా వెనకాల ఉండేది. ఆవిడ మనకి కనిపించరు, ఆవిడకి మన వీపులు కనిపిస్తాయి. జడలో పువ్వు ఊగినా ఎందుకు నవ్వుతున్నావని అడిగేవారు.

అప్పుడే ఖాళీ అయిన ఒక్క కుర్చీ సరిగ్గా మా వెనకాల ఉంది. నాకు ఆ మాటే తోచలేదు. మేం ఆరేడుగురు ఆపరేటర్లం టీవీ గోడవైపు తిరిగి చాప మీద వరసగా కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నాం. ఆవిడ మెల్లగా వచ్చి మా వెనక కుర్చీలో కూర్చుని కర్ర పక్కన పెట్టారు. అంతే, వరస వరసంతా నోరు మూసుకుంది. నా పక్కనావిడ పైట సర్దుకుని నిటారుగా కూర్చుంది. ఇంకొకావిడ చెయ్యి దానంతటదే చెవి దగ్గరికి వెళ్ళింది, హెడ్‌సెట్ సర్దుకున్నట్టు. ఒట్టు, నా కళ్ళారా చూశాను. అందరికీ మనవలున్నారు, సగం మందికి షుగరుంది, అయినా ఆవిడ వెనక కూర్చునేసరికి ఇరవై ఏళ్ళ పిల్లలమైపోయాం.

"ఏమ్మా, ఆగిపోయాయేం కబుర్లు? నేనేమన్నా రిపోర్ట్ రాస్తున్నానా?" అన్నారు.

ఎవరూ నవ్వలేదు. నాకేం చేయాలో తోచలేదు. ఆవిడే చుట్టూ చూసి వంటింటి గుమ్మంలో ఉన్న చిక్కుడుకాయల బుట్ట చూపించి "వాటికి ఇంకా ఈనెలు తీయలేదా? ఇలా ఇవ్వు, ఊరికే కూర్చోలేను" అన్నారు. ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని మొదలెట్టారు. కాయ తుంచి, ఈనె లాగి, మధ్యకి విరిచి, పురుగుందేమో ఓ కన్నేసి పళ్ళెంలో వేయడం. అదే చెయ్యి, టిక్కెట్లు ఒక్కొక్కటీ తిరగేసి తప్పులు పట్టిన చెయ్యి. పురుగున్న కాయ ఒక్కటి కూడా ఆవిడ కళ్ళబడకుండా పోలేదు.

చేతుల్లో పని ఉంటే నోరు దానంతటదే తెరుచుకుంటుంది. బుట్ట చుట్టూ మేం కూడా చేరాం. మాటల్లో తుఫాను సంగతి వచ్చింది. 1996 నవంబరు 6, కోనసీమ తుఫాను. మా జిల్లాలో ఆ వయసువాళ్ళు నలుగురు కలిస్తే ఆ రాత్రి కబురు రాకుండా ఉండదు. మాకు నైట్ డ్యూటీ. గాలికి కిటికీ అద్దాలు పగులుతున్నాయి, అమలాపురం వైపు లైన్లు ఒక్కొక్కటే చచ్చిపోతున్నాయి. మర్నాటి నుంచి గల్ఫ్‌లో ఉన్న మనవాళ్ళు ఎలాగోలా మాకు లైను కలుపుకుని అడిగిన ప్రశ్న నా చెవుల్లో ఇంకా ఉంది: "అక్కా, మా ఊరు ఉందా?"

అప్పుడు ఏడో పొజిషన్, అంటే ఏడో బోర్డు దగ్గర కూర్చునే ఆవిడ ఉన్నట్టుండి చేతిలో కాయ కింద పెట్టింది. "ఆ రాత్రికే నాకు మెమో ఇచ్చారండి మీరు. ఇరవై నిమిషాలు సీట్లో లేనని" అంది.

హాలు మళ్ళీ నిశ్శబ్దం. నాకు చెమటలు పట్టాయి, ఎందుకంటే ఆ కథలో నా పాత్ర కూడా ఉంది. ఆవిడకి అప్పుడు ఇంట్లో ఎనిమిది నెలల పిల్ల, పెంకుటిల్లు, మొగుడు ఊళ్ళో లేడు. రాత్రి తొమ్మిది దాటాక ఎవరికీ చెప్పకుండా ఇంటికి వెళ్ళిపోయింది. తెల్లారాక వచ్చింది. ఆ రాత్రంతా ఆరూ ఏడూ రెండు బోర్డులూ నేనే చూశాను. సూపర్‌వైజర్‌కి తెలియనివ్వలేదని, ఇరవై నిమిషాలు మాత్రమే ఆవిడ కంట పడిందని ఇరవై ఆరేళ్ళుగా మేమిద్దరం మా తెలివికి మేమే మురిసిపోతున్నాం. అయినా ఆ ఇరవై నిమిషాలకి కూడా మెమో ఇచ్చిందే అని ఏడో పొజిషన్ ఆవిడకి కడుపుమంట.

సూపర్‌వైజర్ గారు తలెత్తలేదు. ఇంకో కాయ విరుస్తూ అన్నారు: "ఇచ్చాను. పైనుంచి రౌండ్‌కి ఫోన్ చేసి ఏడో పొజిషన్ ఎందుకు పలకట్లేదని అడిగారు. కాగితం మీద ఏదో ఒకటి పెట్టాలి కదా. రాత్రంతా లేదని రాస్తే నీకు డైస్ నాన్ పడేది, ఆ రోజు సర్వీసు లెక్కలోంచే పోయేది. ఇరవై నిమిషాలు లేవని రాశాను. ఇరవై నిమిషాలు లేవంటే మిగతా రాత్రంతా ఉన్నట్టే కదే, పిచ్చిదానా."

కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక మా జాయింటర్ గారు కుర్చీలోంచి పడేంతగా నవ్వారు. ఆవిడ కర్రతో నన్ను పొడిచి "ఇదిగో, ఇది రెండు బోర్డులూ చూస్తుంటే వెనక కూర్చున్నదాన్ని నాకు కనపడదా?" అన్నారు. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఏడో పొజిషన్ ఆవిడ మాత్రం నవ్వలేదు. "ఆ మాట అప్పుడే చెప్పొచ్చు కదండీ" అంది.

"చెబితే నువ్వు ఊరుకుంటావా? సాయంత్రానికల్లా కాకినాడ ఎక్స్‌ఛేంజి దాకా పాకేది. ఆపరేటర్ల నోట్లో నువ్వుగింజ నానుతుందా?"

ఏడో పొజిషన్ ఆవిడ ఇంకేం అనలేదు. ఒప్పుకుందో లేదో కూడా నాకు తెలియదు. పళ్ళెం కొంచెం తనవైపు లాక్కుని మిగిలిన కాయలకి ఈనెలు తీయడం మొదలెట్టింది. భోజనాల దగ్గర మాత్రం సూపర్‌వైజర్ గారికి అన్నంలో ముద్దపప్పు, నెయ్యి ఆవిడే వేసింది. అందరికీ ఒక గరిటె వేసిన నెయ్యి ఆవిడకి రెండు గరిటెలు పడింది. డాక్టరు నెయ్యి వద్దన్నారని ఆవిడ అంటూనే ఉన్నారు.

ఇదంతా హోటల్లో జరుగుతుందా చెప్పండి? హోటల్లో ఎవరు చిక్కుడుకాయలు ఈనెలు తీయమంటారు? అందుకే చెబుతున్నాను, పని మొత్తం మీరే చేసిపెట్టకండి. వచ్చేసరికి అన్నీ సిద్ధంగా ఉంటే వాళ్ళు చుట్టాల్లా కూర్చుంటారు, చుట్టాల్లాగే లేచి వెళ్ళిపోతారు. కొబ్బరికాయ కొట్టకుండా ఉంచండి, అల్లం చెక్కు తీయకుండా ఉంచండి. మగవాళ్ళకి కూడా ఇవ్వండి. మా మెకానిక్ గారు స్విచ్ బోర్డులన్నీ విప్పి చూస్తే, హాల్లో ఏళ్ళ తరబడి పనిచేయని ఫ్యాను పావుగంటలో తిరిగింది. గిన్నెలు కడగడం దగ్గర మాత్రం మగవాళ్ళందరికీ ఒక్కసారిగా ఫోన్లు వచ్చాయి, ఆ మాట కూడా చెప్పాలి. అంతమందికి ఒకేసారి లైను ఎలా దొరికిందో మరి, మా రోజుల్లో అయితే దొరికేది కాదు.

మాట్లాడకూడని విషయాలు రెండున్నాయి. పిల్లల జీతాలు ఒకటి. ఆ కబురు మొదలైతే పిల్లలు ఇక్కడే ఉండిపోయినవాళ్ళు మౌనంగా లేచి వరండాలోకి వెళ్ళిపోతారు. రెండోది పాలసీలూ, చిట్టీలూ అమ్మేవాళ్ళు. ఇరవై మందిలో ఒకరు తప్పకుండా ఉంటారు, కాగితాలు సంచిలోనే ఉంటాయి. గుమ్మంలోనే ఆ సంచి తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేయండి. నేను అలాగే చేశాను. ఆయన సాయంత్రం దాకా బీరువా వైపు చూస్తూనే ఉన్నారు. పెన్షన్ గురించి, నవంబరులో ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ గురించి ఎలాగూ మాట్లాడుకుంటారు, దాన్ని ఆపలేం. ఆపొద్దు కూడా, ఫోన్లోనే మొహం చూపించి అది ఇవ్వడం ఎలాగో ఆ రోజు ఐదుగురు నేర్చుకుని వెళ్ళారు.

లెక్క అడిగారు కాబట్టి చెబుతున్నాను. ఇరవై మందికి బియ్యం రెండున్నర కిలోలు చాలు, పులిహోర ఉంటే రెండు కిలోలే ఎక్కువ. పెరుగు మాత్రం రెండు లీటర్లు అదనంగా పెట్టుకోండి, ఆ వయసుకి అందరూ పెరుగన్నం దగ్గరే ఆగుతారు. విస్తళ్ళు కొనండి, ప్లేట్లు వద్దు. వెళ్ళేటప్పుడు మిగిలినవి కట్టి ఇవ్వడానికి మూతలున్న డబ్బాలు సిద్ధంగా ఉంచండి. ఎవరి గిన్నె మీద వాళ్ళ పేరు స్కెచ్ పెన్నుతో రాసిన కాగితం అంటించండి. ఇది నేను చేయలేదు. నీలం మూత స్టీలు కారియర్ ఒకటి అప్పట్నుంచీ మా వంటింటి అటక మీదే ఉంది. ఎవరిదని ఫొటో తీసి గ్రూపులో పెట్టాను. మర్నాడు పొద్దున్నే దాని కింద పదిహేడు గుడ్ మార్నింగులు వచ్చాయి.